ఫోనులో వాతావరణం చెప్పిన గొంతు

ఈ సంగతి నేను ఇన్నేళ్ళూ రాయకపోవడానికి కారణం ఒక్కటే. నాకు అప్పట్లో రాయడం రాదు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మా తమ్ముడి కూతురిని వారం వారం తెలుగు క్లాసుకి తీసుకెళ్ళేదాన్ని. బయట కుర్చీలో కూర్చుని ఎదురుచూడడం ఎందుకని వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాను. ఇంటికొచ్చాక ఆ పిల్లే నా చేత దిద్దించేది. "అత్తా, ఒత్తు మర్చిపోయావ్ లా, లైక్ దిస్ కెనాట్" అని సింగపూర్ ఇంగ్లీషు కలిపి తిట్టేది.

అంతకు ముందు ఎవరి చేతనైనా రాయించి ఉండవచ్చు. మా తమ్ముడికి చెబితే 'ఏదో లైను కలిసిపోయింది' అని రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. పక్కింటి మణి ఆంటీకి చెబితే మధ్యలో ఒక దెయ్యాన్ని కూర్చోబెట్టేది. జరిగింది ఆ రెండూ కాదు. అందుకే నా చేత్తో నేను రాయగలిగే దాకా ఆగాను.

దెయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మాది భోగాపురం వైపు సముద్రం ఒడ్డు ఊరు. తెల్లారకముందే నెత్తిన చేపల గంపతో శ్మశానం పక్క దారిలో సంతకు నడిచినదాన్ని. సింగపూర్ వచ్చాక కూడా అంతే. చైనావాళ్ళు వాళ్ళ ఏడో నెలలో మేముండే బ్లాకు కింద కాగితాలు కాల్చి ఆత్మలకు అన్నం పెడుతుంటే, నిప్పు నా చీర కొంగుకు తగలకుండా చూసుకుని పక్కనుంచి వెళ్ళిపోయేదాన్ని. అంతకు మించి ఆలోచించలేదు.

మా తమ్ముడి పేరు సూరిబాబు. వాడికి ఊహ తెలియక ముందే అమ్మ పోయింది. నేనే పెంచాను. కంప్యూటర్ చదువు చదివి, ఇక్కడ ఒక బ్యాంకులో ఉద్యోగంలో చేరాడు. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తిరగబడతాయని ప్రపంచమంతా కంగారు పడిన రోజులవి. మనవాళ్ళు విమానాల నిండా దిగేవారు. నాకు భర్త లేడు, పిల్లలు లేరు. సూరికి అప్పటికి పెళ్ళి కాలేదు. వంటకీ, తోడుకీ నన్ను పిలిపించుకున్నాడు. యీషున్‌లో ఒక ఫ్లాటులో ఉండేవాళ్ళం.

వాడికి చిన్నప్పటి నుంచీ ఒకటే పిచ్చి, విమానం నడపాలని. జీతం చేతికి రాగానే మా ఇంటికి దగ్గరలోనే ఉన్న చిన్న విమానాశ్రయంలో, ఒక క్లబ్బులో చేరి నేర్చుకున్నాడు. రెండు మూడు సీట్ల బుల్లి విమానాలు. లైసెన్సు వచ్చిన రోజు ఆ కార్డు దేవుడి పటం ముందు పెట్టి నాకు దణ్ణం పెట్టాడు. అప్పటి నుంచి ప్రతి శనివారం పొద్దున ఒక విమానం అద్దెకు తీసుకుని ఎగిరేవాడు.

వాడి లైసెన్సుతో కళ్ళతో చూస్తూ మాత్రమే ఎగరాలి. కింద నేలో సముద్రమో ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. మబ్బులో దూరకూడదు. "దూరితే ఏమవుతుందిరా?" అని ఒకసారి అడిగాను. "ఏది పైనో ఏది కిందో తెలీదక్కా. తిన్నగా వెళ్తున్నాననే అనుకుంటాం. నేలకేసి దిగిపోతూ ఉంటాం" అన్నాడు, ఇడ్లీ చట్నీలో ముంచుకుంటూ. ఆ మాట నా కడుపులో ఎక్కడో ఉండిపోయింది.

అందుకే బయలుదేరే ముందు వాతావరణం కనుక్కోవడం వాడికి పూజ లాంటిది. ఒక నంబరుకు ఫోను చేస్తే ఆ విమానాశ్రయంలో గాలి ఎటు ఉంది, ఎంత దూరం కనిపిస్తోంది, మబ్బు ఎంత ఎత్తున ఉందీ చదివి వినిపిస్తారు. ఒక ఆడమనిషి గొంతు, రికార్డు చేసింది. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి వస్తుంది. కొంతసేపటికోసారి కొత్తది పెడతారు. రికార్డని తెలియక మొదట్లో నేను "నమస్కారమమ్మా" అనేదాన్ని. సూరి నెల రోజులు నవ్వాడు.

నాకు అంకెలు రావు కాబట్టి ముందురోజు రాత్రి వాడే ఆ నంబరు నొక్కి ఉంచేవాడు. పొద్దున వాడు స్నానానికి వెళ్ళగానే నేను రీడయల్ బటన్ నొక్కి వినేదాన్ని. ఇంగ్లీషు రాకపోయినా నాలుగు మాటలు వాడు నేర్పాడు. 'టెన్ కిలోమీటర్స్' అంటే బాగా కనిపిస్తోందని. 'రెయిన్', 'థండర్' అంటే ఇంట్లోనే కూర్చోవాలని.

"అక్కా, ఎంత?" అని స్నానాల గదిలోంచి అరిచేవాడు.

"పదిరా!"

"వాన?"

"లేదు!"

"భేష్! నీకు నెలకి జీతం ఇవ్వాలి!"

బయటికొచ్చాక వాడు మళ్ళీ సొంతంగా వినేవాడు. తన చెవితో వినకుండా ఎగరకూడదని వాళ్ళకు నేర్పుతారట. అయినా ముందు నా నోటి నుంచి వినడం వాడికి సరదా. నాకు గొప్ప.

ఆ శనివారం పొద్దున ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. వంటింటి కిటికీలోంచి చూశాను, ఎక్కడా మబ్బు తునక లేదు. సూరి స్నానానికి వెళ్ళాడు. నేను చెయ్యి తుడుచుకుని రీడయల్ నొక్కాను.

మగ గొంతు వచ్చింది.

రాంగ్ నంబరు అనుకుని పెట్టేశాను. మళ్ళీ నొక్కాను. అదే గొంతు. నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి చదువుతోంది. వెనకాల ఏదో హోరు. రేకుల కప్పు మీద పెద్ద వాన పడుతున్నట్టు. 'రెయిన్' అన్న మాట తెలిసింది. 'థండర్' తెలిసింది. 'టెన్' రాలేదు.

కొత్త మనిషిని పెట్టారు కాబోలు అనుకుని అలాగే వింటున్నాను. చదవడం అయిపోయింది. మళ్ళీ మొదలైంది. ఆ రెండోసారి మొదలైనప్పుడు గుర్తుపట్టాను.

అది సూరి గొంతు.

వాడు బడిలో పాఠం పైకి చదివినప్పటి నుంచీ ఆ గొంతు నాకు తెలుసు. మొదటి మాట సాగదీస్తాడు, తర్వాత పరుగెత్తబోయి తనను తాను ఆపుకుంటాడు. కిరసనాయిలు దీపం ముందు ఎన్ని వందల సార్లు విన్నానో. పొరపడే గొంతు కాదు.

ఒక చెవిలో ఆ గొంతు వాన హోరులోంచి చదువుతోంది. రెండో చెవిలో, గోడ అవతల నీళ్ళ చప్పుడు, సూరి కూనిరాగం.

"అక్కా, ఎంత?" అని వాడు అరిచాడు.

 ఫోనులో వాడు చదువుతూనే ఉన్నాడు.

రిసీవరు బల్ల మీద పెట్టి బయటికి పరుగెత్తాను. మా పక్కింట్లో మణి ఆంటీ ఉండేది. వాళ్ళ తాత కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చిన కుటుంబం. ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే. తెలుగులో సగం తమిళం, అక్కడక్కడా మలయ్. స్కూల్లో గుమాస్తాగా చేసింది కాబట్టి ఇంగ్లీషు బాగా వచ్చు. అప్పుడు వెదురు కర్రలకు బట్టలు తొడిగి ఆరేస్తోంది.

"ఏమ్మా పైడీ, పొద్దున్నే ఈ పరుగేంది? తిన్నావా, మకాన్ అయిందా?"

నేను ఏమీ చెప్పలేదు. ఇది మాత్రం గట్టిగా రాస్తున్నాను. ఆమెకు నేను ఒక్క ముక్క కూడా ముందుగా చెప్పలేదు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి రిసీవరు ఇచ్చి, "ఏటంటన్నారో సెప్పు ఆంటీ" అన్నాను.

ఆమె కళ్ళజోడు సవరించుకుని వింది. ముందు నవ్వింది.

"అరే, మీ సూరి! ఎప్పుడు రికార్డు చేసినాడు ఇది? రేడియో మనిషి మాదిరి ఉండాడే."

"ఇంకా ఏటంటన్నాడు?" అన్నాను.

"ఏమంటాడంటే..." అని ఆమె వింటూ చెప్పసాగింది. "పెద్ద వాన, ఉరుము. గాలి చానా జోరు. కంటికి ఆనేది ఐదు వందల మీటర్లేనంట. మబ్బు కిందికే ఉండాది. ఏదో టైము కూడా చెప్పినాడు, సున్నా సున్నా అని, నాకు పట్టలే." అంటూనే కిటికీలోంచి ఎండ కేసి చూసి, "ఇదేంది, ఎక్కడమ్మా వాన?" అంది.

అప్పుడే స్నానాల గది తలుపు తెరుచుకుంది. సూరి తల తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "గుడ్ మార్నింగ్ ఆంటీ" అన్నాడు.

మణి ఆంటీ వాడిని చూసింది. చెవి దగ్గరున్న రిసీవరును చూసింది. అందులో వాడి గొంతు ఇంకా చదువుతూనే ఉందని ఆమె తర్వాత నాకు చెప్పింది. ఆమె చేతిలోంచి రిసీవరు జారిపోయింది. తీగకు వేలాడుతూ బల్ల కాలికి తగిలి టకటకలాడింది.

"అలమాక్" అంది, మలయ్‌లో 'అయ్యో' అన్నట్టు, అంతే. గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

సూరి రిసీవరు తీసి విన్నాడు. "టెన్ కిలోమీటర్స్. ఫ్యూ క్లౌడ్స్. సూపర్ వెదర్. ఏమైంది మీ ఇద్దరికీ?" అని నా చెవి దగ్గర పెట్టాడు. ఎప్పుడూ వచ్చే ఆడమనిషి గొంతే. వెనకాల ఏ చప్పుడూ లేదు.

వాడు బట్టలు మార్చుకోవడానికి గదిలోకి వెళ్ళాడు. నేను మళ్ళీ నొక్కాను. ఫోను మీద చిన్న గాజు పలకలో నంబరు కనిపిస్తుంది. మణి ఆంటీ దాన్ని, సూరి గోడ మీద అంటించుకున్న నంబరుతో పోల్చి చూసింది. ఒక్క అంకె కూడా తేడా లేదు. చెవికి ఆనించుకున్నాను. వాన హోరు. సూరి. ఈసారి నేనే పెట్టేశాను. ఇంక వినడానికి నాకు ధైర్యం చాలలేదు.

వాడు బూట్లు వేసుకుంటుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను. "ఈ రోజు ఎల్లకురా."

"ఎందుకక్కా?"

"నీ గొంతు ఇనిపించింది. వాన అని సెప్పింది."

"అక్కా, నిన్న రాత్రి ఆ పనసకాయ కూర మొత్తం నువ్వే తిన్నావు కదా?"

"ఆంటీ కూడా ఇంది, అడుగు!"

మణి ఆంటీ వాడి ముఖం కేసి చూడకుండా, "వద్దు తంబీ. ఒక్క రోజే కదా" అంది.

"ఆంటీ, మీరు కూడానా? ఎవడో తెలుగువాడు రాంగ్ నంబరులో తగిలుంటాడు. బయట చూడండి ఆ ఎండ. వారమంతా బ్యాంకు వాళ్ళది. శనివారం ఒక్కటే నాది." వాడు సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

నా తమ్ముడు మబ్బులోకి దూరి, తిన్నగా వెళ్తున్నాననుకుంటూ కిందికి దిగిపోవడం నాకు కళ్ళ ముందు కనిపించింది. ఇక ఆలోచించలేదు. లేచి మణి ఆంటీని బయటికి నెట్టినంత పని చేశాను. ఇక్కడి ఫ్లాట్లకు తలుపు బయట ఇనుప గేటు ఉంటుంది. దాన్ని మూసి నా తాళంచెవితో తాళం వేసి, సూరి మేకుకు తగిలించుకునే తాళంచెవి కూడా లాక్కుని, రెండూ తీసుకెళ్ళి వంటింట్లో చెత్త పారేసే గొట్టంలో వేసేశాను. మాది తొమ్మిదో అంతస్తు. గోడలకు తగులుతూ అవి కిందికి పడిపోతున్న చప్పుడు ఇద్దరం విన్నాం.

వాడు నా మీద ఎప్పుడూ గొంతు ఎత్తినవాడు కాదు. ఆ రోజు ఎత్తాడు. "పిచ్చి పట్టిందా నీకు? నేనేమైనా చిన్నపిల్లాడినా? అమ్మవా నువ్వు?" అన్నాడు. ఆఖరి మాట అనేశాక తనే ఆగిపోయి, వెళ్ళి గదిలో తలుపు వేసుకున్నాడు. అవతల మణి ఆంటీ గేటు ఊచలు పట్టుకుని ఏడుస్తోంది. ఇవతల నేను నేల మీద కూర్చున్నాను.

ఇక్కడ చదివేవాళ్ళు గాలివాన వచ్చిందనే అనుకుంటారు. రాలేదు. ఆ రోజంతా ఒక్క చినుకు పడలేదు. సూరి తీసుకోవాల్సిన విమానాన్ని ఇంకొకాయన తీసుకుని, హాయిగా ఎగిరి, క్షేమంగా దిగాడని క్లబ్బు వాళ్ళు ఫోనులో చెప్పారు. మధ్యాహ్నం ఎండ మండిపోతుండగా తాళాలు తీసే చైనా అంకుల్ వచ్చాడు.

"ఆంటీ, కీ వేర్?" అన్నాడు.

సూరి చెత్త గొట్టం చూపించాడు. ఆయన నన్ను చూసి, సూరిని చూసి, "వా, యువర్ మదర్ వెరీ ఫియర్స్ లా" అని నవ్వుకుంటూ తాళం కోసేశాడు. గేటుకు తాళం వేసే కొక్కెం కూడా విరిగిపోయింది.

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనక భయం కొంచెం తగ్గింది కూడా. పొరపాటు పడ్డానని వాడి కాళ్ళు పట్టుకోవడానికైనా సిద్ధపడ్డాను.

సాయంత్రం మణి ఆంటీ వచ్చింది. సూరి ఎదురుగా కూర్చుని, తాను విన్నది మొదటి నుంచి చెప్పింది. వెటకారంగా వినడం మొదలుపెట్టిన వాడు మధ్యలో నవ్వడం మానేశాడు. ఆమె చెప్పిన వరస సరిగ్గా ఆ రిపోర్టుల్లో వచ్చే వరసేనట. ముందు గాలి, తర్వాత కనిపించే దూరం, తర్వాత వాన, తర్వాత మబ్బు. ఆమెకు ఆ వరస తెలిసే అవకాశం లేదు. పైగా ఆ రికార్డులో క్లబ్బు మనుషులెవరూ చదవరు. చదవనివ్వరు.

"నిజంగా నా గొంతేనా ఆంటీ?" అని అడిగాడు.

"నీ గొంతే తంబీ. దేవుడి మీద ఒట్టు."

"టైము చెప్పాడన్నారు. ఎంతని చెప్పాడు?"

"అదే నాకు పట్టలే."

 ఆంటీ వెళ్ళిపోయాక నెమ్మదిగా అన్నాడు. "అక్కా, ఆ రిపోర్టులో టైము ఒక్కటే చెప్తారు. నెలా, సంవత్సరం చెప్పరు. ఎందుకంటే ఎప్పుడూ అది ఆ గంటదే కదా." ఆగి, నా ముఖంలోకి చూశాడు. "మరి అది ఇవాళ్టిది కాకపోతే, ఏ రోజుది?"

తమాషాగా అనబోయాడు. గొంతు తమాషాగా లేదు.

అప్పటి దాకా నా భయం ఒక్క రోజు భయం. ఆ మాటతో అది అన్ని రోజులకూ పాకింది. ఆ శనివారం గండం గడిచిందని నేను అనుకోవడానికి లేదు. అసలు అది గండమో కాదో కూడా తెలియదు. అలాంటి వాన ఏ రోజుకు రాసి ఉందో, ఆ రోజు మా వాడు ఎక్కడ ఉంటాడో, ఎక్కడి నుంచి ఆ మాటలు చదువుతాడో, ఎవరికి చెప్పడానికి చదువుతాడో. రాత్రంతా అవే ప్రశ్నలు.

ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ గొంతు నాకు మళ్ళీ వినిపించలేదు. టెలిఫోను కంపెనీ వాళ్ళు వచ్చి లైను చూశారు, ఏ లోపమూ లేదన్నారు. సూరికి పెళ్ళయింది, కూతురు పుట్టింది. ఆ ఫోను పోయి వేరే ఫోన్లు వచ్చాయి. మణి ఆంటీ చనిపోయే ముందు ఆసుపత్రిలో కూడా నన్ను దగ్గరికి పిలిచి, "నేను విన్నది నిజమే పైడీ, నువ్వు ఎవరికైనా చెప్పుకో" అంది. సూరి ఇప్పటికీ సెలవు రోజుల్లో ఎగురుతాడు. వాన హోరుగా పడిన ప్రతిసారీ నేను వాడు ఎక్కడున్నాడో కనుక్కుంటాను. అదేమిటో, ఎలా వచ్చిందో, నాకే ఎందుకు వచ్చిందో నేను చెప్పలేను. చదువు వచ్చాక తెలుస్తుందేమో అనుకున్నాను. తెలియలేదు.

గేటు తాళం కోయించిన మరునాడు ఆదివారం. క్లబ్బు వాళ్ళు సూరికి పొద్దున విమానం ఇస్తామన్నారు. వాడు వెళ్తానన్నాడు. ఒక్కసారి ఆగిపోతే ఇంక ఎప్పటికీ ఎక్కలేనేమోనని వాడి భయం. అది నాకు అర్థమైంది. వాడు నన్ను అడగలేదు, గుమ్మంలో నిలబడ్డాడంతే. ఆపుదామన్నా గేటుకు తాళం లేదు. ఉన్నా వేసేదాన్ని కాదు. ఒక రోజైతే ఆపగలను. ఏ రోజో తెలియనిదాన్ని ఎన్ని తాళాలు వేసి ఆపను?

చీర మార్చుకుని చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికక్కా?" అన్నాడు.

"నీతోటే."

"నీకు ఎత్తంటే భయం కదా? లిఫ్టులోనే కళ్ళు మూసుకుంటావు."

"ఇప్పుడూ మూసుకుంటాన్లే. నడు."

ఆ విమానం తలుపు మన రిక్షా తొట్టి కంటే పెద్దదేమీ కాదు. వాడే నన్ను ఎక్కించి, బెల్టు కట్టి, చెవులకు ఆ పెద్ద డిప్పలు తగిలించాడు. ఏదో మీట తిప్పాడు. చెవుల్లో వాతావరణం రావడం మొదలైంది. ఆడమనిషి గొంతు. అది ఒకసారి పూర్తయ్యే దాకా విన్నాను. మళ్ళీ మొదలైంది. రెండోసారి కూడా చివరి దాకా విన్నాను. వాడు చెయ్యి మీట మీదే ఉంచి, నా ముఖం కేసి చూస్తూ ఆగాడు. ఎప్పుడూ తన చెవినే నమ్మే మనిషి.

నేను తల ఊపాను. ఇంజను మొదలవగానే కళ్ళు మూసుకుని, రెండు చేతులతో వాడి చొక్కా పట్టుకున్నాను.